ఫిల్టరు కోసం నార్కట్‌పల్లి

పోయిన మంగళవారం రాత్రి 9 గంటలకు నేను నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా వెళ్లి, అక్కడ బండి తిప్పుకుని, మళ్లీ నల్లగొండ వచ్చాను. అక్కడ నాకు పనేమీ లేదు. చుట్టాలు లేరు. చాయ్ కూడా తాగలేదు. బండి వెళ్లమంది, వెళ్లాను.

పెళ్లయి 19 ఏళ్లయిన మనిషి రాత్రిపూట ఒక్కడే బయటికి పోయి, గంట తర్వాత వచ్చి "ఏం లేదు, ఫిల్టరు కాల్చుకొచ్చిన" అంటే నమ్మే ఇల్లాలు ఉమ్మడి జిల్లాలో ఎక్కడా ఉండదు. మా ఇంట్లోనూ లేదు. అందుకే ప్రజాహితం దృష్ట్యా, కొంత ఆత్మరక్షణ దృష్ట్యా, విషయం వివరంగా రాస్తున్నాను.

2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో మసిని పట్టే ఒక జల్లెడ ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. అది నిండితే మసిని కాల్చేయాలి. కాలాలంటే లోపల 600 డిగ్రీల వేడి పుట్టాలి. పుట్టాలంటే బండి అరవై దాటిన వేగంతో, ఆగకుండా, ఓ పావుగంటో ఇరవై నిమిషాలో పరుగెత్తాలి. గడియారం సెంటర్ నుంచి రామగిరి, రామగిరి నుంచి బడి, బడి నుంచి కూరగాయల మార్కెట్ తిరిగే బండికి అంత భాగ్యం ఎక్కడిది? మసి పేరుకుంటుంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంది. వెలిగిందంటే బయల్దేరాల్సిందే. మా తాత ఎద్దులకు కుడితి పెట్టేవాడు, కడిగేవాడు, కొమ్ములకు రంగు వేసేవాడు. కానీ తిన్నది అరగలేదని వాటిని రాత్రిపూట నార్కట్‌పల్లి దాకా తోలుకుపోయిన దాఖలా మాత్రం మా ఇంటి చరిత్రలో లేదు.

అసలు నాది ఏ జాతి బండో కూడా చాలాకాలం తేలలేదు. ఎస్‌యూవీకి పన్ను ఎక్కువ కాబట్టి, 2022 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుని ఎస్‌యూవీ అంటే ఏమిటో తేల్చింది. ఇంజిను 1500 సీసీ దాటాలి, పొడవు 4000 మిల్లీమీటర్లు దాటాలి, నేలకూ బండి కడుపుకూ మధ్య 170 మిల్లీమీటర్లు తగ్గకూడదు. మధ్యరకం బండ్లకు పొడవుంది, ఎత్తుంది. ఇంజిన్లు మాత్రం చాలావాటికి 1497, 1493 అంటూ గీతకు ఇవతలే ఆగుతాయి. నాదీ అంతే. షోరూం వాళ్లు ఎస్‌యూవీ అని అమ్మారు, నేను ఎస్‌యూవీ అని కొన్నాను, చుట్టాలు ఎస్‌యూవీ అని కుళ్లుకున్నారు. సర్కారు లెక్కలో మాత్రం అది పొడుగాటి కారు. నాలుగైదు మార్కుల్లో ఉద్యోగం పోయినవాళ్లు మన జిల్లాలో ఇంటికొకరు ఉన్నారు, వాళ్లకు నా బాధ అర్థమవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ గొడవా పోయింది. పొడవు 4000 దాటిన పెట్రోలు, డీజిల్ కార్లన్నీ ఒకే గాటికి, 40 శాతం పన్ను. నేను అంతకుముందే, అంతకన్నా ఎక్కువే కట్టి కొన్నాను.

మన దగ్గర కొలత వేరు. అది ఫంక్షన్ హాలు గేటు దగ్గర తేలుతుంది. ఫార్చునర్ వస్తే వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి గేటు బార్లా తెరుస్తాడు. బొలెరో వస్తే ఎవరో సర్పంచి అనుకుని మెట్ల దాకా పోనిస్తాడు. స్విఫ్టును చూడనే చూడడు, అదే ఎక్కడో దూరి నిలబడుతుంది. నా బండికి మాత్రం చెయ్యెత్తి, "సార్, జర పక్కకు పెట్టుర్రి సార్" అంటాడు. ఒక్క మాటలో రెండుసార్లు సార్ అనిపించుకుని చివరికి చెత్తకుండీ పక్కన ఆగేదాన్ని మధ్యరకం ఎస్‌యూవీ అంటారు. కౌన్సిల్ వారు పరిశీలించగలరు.

2015లో క్రెటా, 2019లో సెల్టోస్ దిగాక ఈ జనాభా బాగా పెరిగింది. ఎరువుల దుకాణం, వెంచర్ ఏజెంటు, నాలాంటి బడిపంతులు, అందరిదీ తెల్లరంగే. భోజనాలయ్యాక బయట నిలబడి తాళంచెవి నొక్కితే ఏది కన్నుకొడితే అది మనది. నాది టీఎస్ 05. 2024 మార్చిలో టీజీ వచ్చింది. అప్పటిదాకా ఆగి కొన్న మా బామ్మర్ది నా నంబరు ప్లేటు చూసి "మీది పాత బండి గద బావా" అన్నాడు. తేడా నాలుగు నెలలు.

ఇక ఈ బండికి అడాస్ అని ఒక తెలివి ఉంది. అద్దం వెనక కెమెరా రోడ్డు మీద తెల్లగీతలు చూస్తూ, మనం గీత తొక్కితే స్టీరింగును తనే వెనక్కి లాగుతుంది. ఏప్రిల్‌లో మా చిన్నాయనను ఎక్కించుకుని కనగల్ దిక్కు ఊరికి పోతున్నాను. యాసంగి వడ్లు. సగం రోడ్డు బండ్లకు, సగం వడ్లకు, నడుమ సరిహద్దుగా రాళ్లు, కంపకొమ్మలు. కెమెరాకు గీత దొరకలేదు. రాళ్ల వరసను ఏమనుకుందో, కూత మొదలుపెట్టింది.

"ఎందుకురా గట్ల మొత్తుకుంటది?"

"రోడ్డు దొరుకుతలేదంట చిన్నాయనా."

"మనకు కనవడుతున్నది గద. దానికి చెప్పు."

ఇంకాస్త ముందుకు పోయేసరికి వడ్ల కుప్ప చాటునుంచి ఒక బైకు అడ్డం వచ్చింది. నాకన్నా ముందు బండే బ్రేకు వేసింది. మెచ్చుకోవాల్సిందే. కానీ వెనక వస్తున్న ట్రాక్టరుకు అడాస్ లేదు. దాని డ్రైవరుకు ఉన్నది నోరు. ఆ నోటితో అతను మా వంశవృక్షాన్ని మూడు తరాల దాకా తడిమాడు. చిన్నాయన అంతా విని, ముందుకు జారిన తలపాగా సర్దుకుని తీర్పు చెప్పాడు: "మన ఎడ్లే నయంరా. నేను కల్లు దాగి బండ్ల పండుకున్నా, ఇంటి ముంగట తెచ్చి నిలవెట్టేటియి. ఒక్క కూత కుయ్యలే."

సన్‌రూఫ్ గురించి ఎక్కువ చెప్పను. అది ఆకాశం చూడటానికట. మే నెలలో నల్లగొండ ఆకాశాన్ని చూద్దామనుకునే మనిషి నల్లగొండలో పుట్టలేదు. అదనంగా లక్ష పెట్టి కొన్న ఆ అద్దం కింద మా ఇంటామె పాత దుప్పటి కట్టింది.

మైలేజీ కంపెనీ కాగితంలో 20 పైన. ఊళ్లో 13. అడిగినవాళ్లకు 18 చెబుతాను. అడిగినవాడు కూడా తన బండికి 18 అనే చెబుతాడు.

మా వీధి చివరి ఆయనది ఇంకా పెద్ద డీజిల్ బండి. దానికి డీజిల్‌తో పాటు డీఈఎఫ్ అని బకెట్లలో అమ్మే ఒక రకం నీళ్లు కూడా పొయ్యాలి. అందులో నూటికి 32.5 వంతులు యూరియా. ఈ ముక్క నేను 2025 వానాకాలంలో, అంటే యూరియా బస్తా కోసం రైతులు చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి తెల్లవారకముందే కూర్చుంటున్న రోజుల్లో, చిన్నాయన ముందు నోరు జారాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"గా బకెటుకు లైను ఉన్నదా?"

"లేదు చిన్నాయనా. బంకులనే దొరుకుతది."

"పాస్‌బుక్కు అడుగుతరా?"

"అడగరు."

"మరి నా వరికి కారు పేరు మీద తీస్కోవచ్చునా?"

జవాబు చెప్పడానికి వ్యవసాయ శాఖకైనా రవాణా శాఖకైనా వీలవుతుందేమో గానీ నావల్ల కాలేదు.

అయితే అసలు తప్పు అంతకుముందే చేశాను. పసుపు లైటు సంగతి ఆయనకు విడమరిచి చెప్పాను. అప్పటిదాకా చుట్టాలు బండి అడగాలంటే కాస్త మొహమాటపడేవారు, తిరిగొచ్చేటప్పుడు డీజిల్‌కని ఐదొందలు సీటు మీద పెట్టేవారు. ఇప్పుడు మేనత్త యాదగిరిగుట్టకు పోవాలన్నా, మేనమామ కళ్లు చూపించుకోవడానికి హైదరాబాద్ పోవాలన్నా, అది నా బండికి చేసే సాయం కిందే లెక్క. "నీ ఫిల్టరు సాఫైతది కొడుకా" అంటూ ఐదు సీట్లలో ఏడుగురు ఎక్కుతారు. ఐదొందలు పెట్టడం మానేశారు. చెరువుగట్టు జాతరకు డిక్కీలో బియ్యం, గిన్నెలు, ఒక మేకపోతు. 84 కిస్తీల్లో 29 కట్టాను. బ్యాంకు నుంచి మెసేజీ వచ్చే 5వ తారీఖున మాత్రం ఏ చుట్టమూ ఫోన్ చేయడు.

ఇది రాస్తుండగానే చిన్నాయన ఫోన్ వచ్చింది. ఎల్లుండి గుట్టకు మొక్కు ఉందట, ఎనిమిది మంది.

"లైటు వెలిగిందారా?"

మొన్న మంగళవారమే కాల్చుకొచ్చానని, ఇంకా వెలగలేదని చెప్పాను. గెలిచాననుకున్నాను.

"మంచిది తీ. రేపు ఒక్కరోజు గడియారం కాడ ఆపుకుంట ఆపుకుంట తిప్పు. అదే వెలుగుతది."