కర్లింగ్ దానంతట అదే పెరగదు

శీతాకాల ఒలింపిక్స్ వచ్చిన ప్రతిసారీ ఒక వాదన సామాజిక మాధ్యమాల్లో చేతులు మారుతూ ఉంటుంది. కర్లింగ్ పెరగడానికి దీర్ఘకాలిక ప్రణాళికలేవీ అక్కర్లేదని, టీవీలో చూసినవాళ్ళు తమంతట తామే క్లబ్బులకు వస్తారని, దేశానికి ఒక పతకం దక్కితే ఆ ఊపు ఏళ్ళ తరబడి నిలుస్తుందని, ఊరికొక ఐస్ రింక్ (మంచు ఆటస్థలం) కట్టి తలుపులు తెరిస్తే మిగతాదంతా జరిగిపోతుందని, అప్పటికీ రానివాళ్ళు ఖర్చుకో వయసుకో జంకి ఆగిపోయినవాళ్ళే కనుక వారి గురించి ఆలోచించడం వృథా అని దాని సారాంశం. కెనడాలోనూ అమెరికాలోనూ ఉన్న తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి, ఇది చలిదేశాల వారి ఆట, మనకు సంబంధించినది కాదు అనే మాట కూడా దీనికి చేరుతోంది. పైకి సబబుగా కనిపించే ఈ వాదన వల్ల క్లబ్బులు వచ్చిన అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాయి కనుక దీనికి వివరంగా జవాబు చెప్పాలి.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. 45 మీటర్ల పైచిలుకు పొడవున్న మంచు పట్టీని షీట్ అంటారు. నలుగురేసి ఆటగాళ్ళున్న రెండు జట్లు ఒక్కొక్కటి 17 నుంచి 20 కిలోల దాకా బరువుండే గ్రానైట్ రాళ్ళను, దాని అవతలి చివర గీసిన వలయాల నడిబొడ్డు వైపు వంతులవారీగా జారుస్తాయి. కదిలే రాయి ముందు మంచును బ్రష్షులతో రుద్దుతూ దాని వేగాన్నీ దారినీ సవరిస్తారు. స్కాట్లాండ్‌లో పుట్టిన ఈ ఆట 1998 నాగానో క్రీడల నుంచి ఒలింపిక్స్‌లో క్రమం తప్పకుండా ఉంటోంది.

మొదటి అంశం: టీవీ చూసి జనం వస్తారన్నది. వస్తారు, ఆ మాట నిజమే. అయితే ఎప్పుడు వస్తారన్నది ఎవరూ అడగడం లేదు. ఉత్తర అమెరికాలో చాలా క్లబ్బుల సీజన్ అక్టోబరులో మొదలై మార్చి చివరికో ఏప్రిల్ మొదట్లోనో ముగుస్తుంది. ఒలింపిక్స్ జరిగేది ఫిబ్రవరిలో. అంటే ఉత్సాహం పతాకస్థాయిలో ఉన్నవాడు క్లబ్బు తలుపు తట్టే సమయానికి లీగులన్నీ, అంటే వారం వారం జరిగే క్లబ్బు పోటీలన్నీ, నిండిపోయి, మంచు కరిగించే రోజు దగ్గర పడుతూ ఉంటుంది. అతనికి రెండు గంటల పరిచయ శిక్షణ ఇచ్చి, చేయి కలిపి, అక్టోబరులో రమ్మని పంపిస్తారు. ఏడు నెలలు గడిచాక అతను మళ్ళీ వస్తాడని అనుకోవడం ఆశే తప్ప ప్రణాళిక కాదు.

దీని వెనుక చిన్న లెక్క ఉంది. నాలుగు షీట్లున్న క్లబ్బులో ఒక విడతకు షీటుకు ఎనిమిది మంది చొప్పున 32 మంది ఆడగలరు. సాయంత్రానికి రెండు విడతలు పెట్టినా, వారంలోని ఐదు పనిదినాలకు 320 స్థానాలే. పాత సభ్యులు వారానికి ఒక లీగు చొప్పున వాటిని నింపేస్తే, కొత్తగా వచ్చిన వందమందిని ఎక్కడ ఆడిస్తారు? కనుక ఒలింపిక్స్ సంవత్సరపు ప్రణాళిక ముందటి వేసవిలోనే తయారు కావాలి. ఫిబ్రవరి చివరి నుంచి సీజన్ ముగిసేదాకా వారానికి ఒకటి రెండు విడతలు కొత్తవారి కోసం ఖాళీగా అట్టిపెట్టాలి. అవసరమైతే మంచును మరికొన్ని వారాలు నిలపడానికి కరెంటు ఖర్చును బడ్జెట్‌లో ముందే చూపాలి. అక్టోబరు లీగుకు పేర్లు అప్పుడే రాయించుకోవాలి. టీవీ ఈ పనుల్లో ఒక్కటీ చేయదు.

రెండు గంటల పరిచయంలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే సమస్య ఇంకా స్పష్టమవుతుంది. కొత్తవారు వచ్చేలోపు మంచును సిద్ధం చేసే ఐస్ మేకర్ వీపున నీళ్ళ డబ్బా తగిలించుకుని, షీటు పొడవునా వెనక్కి నడుస్తూ సన్నని నీటి చుక్కలు చల్లి ఉంటాడు. అవి గడ్డకట్టి బొడిపెలుగా మారితేనే అంత బరువైన రాయి వాటి మీద తేలికగా జారుతుంది. ఆ మంచు మీద కొత్తవాడు ఒక పాదాన్ని రబ్బరు ఆనికకు తన్నిపెట్టి, రెండో బూటుకు నున్నటి స్లైడర్ తొడుక్కుని, శరీరాన్ని నేలకు దించి ముందుకు జారడం నేర్చుకోవాలి. మొదటి రోజంతా పడిపోకుండా ఉండడానికే సరిపోతుంది. రాయి ఎక్కడ ఆగాలో ఆలోచించడం, ఎప్పుడు రుద్దాలో ఎప్పుడు ఆపాలో గుర్తించడం, అంటే మనిషిని ఏళ్ళ తరబడి కట్టిపడేసే అసలు ఆట, నాలుగైదు వారాల తర్వాత గానీ మొదలు కాదు. ఒక్క పూట పరిచయంతో వదిలేసే క్లబ్బు, వచ్చినవారికి ఆటలోని కష్టాన్ని మాత్రమే చూపించి పంపుతోంది. ఈ కారణంగానే కొత్తవారిని ఒక జట్టుగా చేసి, పక్కన శిక్షకుణ్ణి పెట్టి, వారాల తరబడి ఆడించే ప్రారంభ లీగులను నేను అన్నిటికంటే ముఖ్యమైనవిగా భావిస్తాను.

రెండో అంశం: పతకం వస్తే ఆట పెరుగుతుందన్నది. చరిత్ర దీన్ని తలకిందులుగా చూపిస్తోంది. జపాన్‌లోని హొక్కైడోలో, ఓఖోట్స్క్ సముద్ర తీరాన తోకోరో అనే చిన్న ఊరుంది. ఇప్పుడది కితామి నగరంలో భాగం. 1980లో హొక్కైడోకూ కెనడాలోని అల్బెర్టాకూ మధ్య కుదిరిన సోదర సంబంధం ద్వారా కర్లింగ్ ఆ ప్రాంతానికి వచ్చింది. రాళ్ళు దొరకని ఆ తొలిరోజుల్లో అక్కడివారు బీరు పీపాలను రాళ్ళుగా మలచుకుని ఆడారు. 1988లో కర్లింగ్ కోసమే ప్రత్యేకంగా ఒక ఇండోర్ హాలు కట్టుకున్నారు. జపాన్‌లో అలాంటివాటిలో అదే మొదటిది. పాఠశాలల్లో పిల్లలకు ఆట నేర్పారు. ఆ ప్రాంతంలో పెరిగిన అమ్మాయిలే 2010లో ఏర్పడిన లోకో సొలారే జట్టులో చేరి, 2018లో ఒలింపిక్ కాంస్యం, 2022లో రజతం తెచ్చారు. హాలు కట్టిన 30 ఏళ్ళకు పతకం వచ్చింది. దక్షిణ కొరియాలోని ఉయిసాంగ్‌దీ ఇదే కథ. వెల్లుల్లి పంటకు పేరుపొందిన ఆ ఊళ్ళో 2006లో కర్లింగ్ కేంద్రం వెలిసింది, అక్కడి బాలికల ఉన్నత పాఠశాలలో చదువుకున్న స్నేహితురాళ్ళు ఆట మొదలుపెట్టారు, 2018లో వారి జట్టు రజతం గెలిచింది. చెట్టు ముందా విత్తు ముందా అనే సందేహానికి ఇక్కడ తావే లేదు.

పతకం వచ్చాక ఏమవుతుందో తెలుసుకోవాలంటే బ్రిటన్‌ను చూడాలి. 2002లో రోనా మార్టిన్ నాయకత్వంలోని బ్రిటన్ మహిళల జట్టు సాల్ట్ లేక్ సిటీలో స్వర్ణం గెలిచిన రాత్రి, పొద్దుపోయినా లెక్కచేయకుండా 50 లక్షలకు పైగా బ్రిటన్ ప్రేక్షకులు మేలుకుని చూశారు. అయినా ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు ఇంగ్లండ్ మొత్తానికి కర్లింగ్‌కే కేటాయించిన రింక్ కెంట్ ప్రాంతంలో ఒక్కటే ఉండేది. లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ముచ్చటపడి ఆడదామనుకున్నవారు ఎక్కడికి వెళ్ళాలి?

అలాగైతే రింక్ కడితే చాలు కదా అనేది మూడో అంశం. చాలదు. దీనికి మన దేశమే సాక్ష్యం. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టిన హిమాద్రి ఐస్ రింక్ ఆ క్రీడలు అయిపోయాక ఏళ్ళ తరబడి మూతబడి, 2025లో గానీ తిరిగి తెరుచుకోలేదు. మంచును నిలబెట్టే యంత్రాలకు రోజూ కరెంటు కావాలి, వాటిని నడిపే నిపుణులు కావాలి, అన్నిటికంటే ముందు ఆ ఖర్చును పంచుకునేంత మంది నిత్యం ఆడుతూ ఉండాలి. మరోవైపు సొంత భవనం లేకుండా కూడా మొదలుపెట్టవచ్చు. అమెరికాలో ఎన్నో క్లబ్బులు ఐస్ హాకీ రింకులను గంటల లెక్కన అద్దెకు తీసుకుని ఆడుతున్నాయి. కానీ హాకీ మంచు కర్లింగ్‌కు కావలసినంత సమతలంగా ఉండదు, రాయి అనుకున్న చోటికి పోదు, కొత్తవారు ఆ తప్పు తమదేననుకుని నిరుత్సాహపడతారు. అద్దె రింక్ నుంచి సొంత రింక్‌కు ఎన్నేళ్ళలో, ఎంతమంది సభ్యులు చేరాక, ఏ నిధులతో మారాలో రాసిపెట్టుకోని క్లబ్బు మొదలైన చోటే ఉండిపోతుంది.

నాలుగో అంశం: రానివాళ్ళు ఖర్చుకో వయసుకో జంకి ఆగిపోయారన్నది. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఈ ఆటలో ఖరీదైన రాళ్ళు క్లబ్బువి, ఆటగాడివి కావు. కొత్తవారికి శుభ్రమైన బూట్లు, మోకాలు వంగడానికి వీలైన వెచ్చని బట్టలు ఉంటే సరిపోతుంది, బ్రష్షు చాలాచోట్ల క్లబ్బే ఇస్తుంది. వంగలేని వయసువారు నిలబడి ఉండగానే రాయిని నెట్టడానికి పొడవాటి కర్ర ఉంది. చక్రాల కుర్చీలో ఆడేవారి పోటీ 2006 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. పిల్లలకు తక్కువ బరువు రాళ్ళున్నాయి. కెనడాలో బడుల వ్యాయామశాల నేల మీద చక్రాల రాళ్ళతో ఆడించే కార్యక్రమమూ ఉంది. నలుగురు కుదరనివారికి ఇద్దరితో ఆడే మిక్స్‌డ్ డబుల్స్ 2018లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఇన్ని దారులున్నా చాలా క్లబ్బులు వారం మధ్యలో రాత్రి ఏడింటికి నలుగురి లీగునే ప్రధానంగా చూపిస్తాయి. రాత్రి షిఫ్టులో పనిచేసేవారు, చంటిపిల్లలున్న తల్లులు రాలేకపోతే దాన్ని వారి అనాసక్తిగా లెక్కగట్టడం అన్యాయం.

ఇక చలిదేశాల ఆట అన్న మాట. 2025లో హార్బిన్ ఆసియా శీతాకాల క్రీడల్లో పురుషుల కర్లింగ్ స్వర్ణాన్ని ఫైనల్లో దక్షిణ కొరియాను ఓడించి ఫిలిప్పీన్స్ గెలుచుకుంది. ఆ జట్టులో ప్రధాన ఆటగాళ్ళు స్విట్జర్లాండ్‌లో పెరిగి ఆట నేర్చుకున్నవారు కనుక, దీన్ని చూపించి మనీలాలో కర్లింగ్ వ్యాపించిందని అనలేము. కానీ మంచు అందుబాటులో ఉన్నచోట పెరిగిన మనిషికి మూలం ఏ దేశమైనా అడ్డు కాదని మాత్రం అది నిస్సందేహంగా చెబుతోంది. కాల్గరీలోనో టొరంటోలోనో పెరుగుతున్న మన పిల్లలకు మంచు ఇంటి నుంచి కొద్ది దూరంలోనే ఉంది. దూరం వేరేచోట ఉంది. ఆట ముగిశాక రెండు జట్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం, గెలిచినవారు ఓడినవారికి పానీయం ఇప్పించడం కర్లింగ్‌లో పాత మర్యాద; అది బార్‌లో జరుగుతుందని తెలిసి వెనుకాడే తెలుగు కుటుంబాలున్నాయి. ఆ బల్ల మీద కాఫీ అడిగితే ఎవరూ తప్పుపట్టరని వారికి చెప్పేవారు లేరు, పిల్లలతో కలిసి రమ్మని ఆదివారం మధ్యాహ్నాలు పిలిచే క్లబ్బులూ తక్కువ. ఈ పని రెండు వైపుల నుంచీ జరగాలి. సంక్రాంతికీ ఉగాదికీ హాళ్ళు నెలల ముందే మాట్లాడుకునే మన సంఘాలు సెప్టెంబరులో దగ్గరి క్లబ్బుకు ఒక ఉత్తరం రాసి, పదహారు మందికి సరిపోయేలా రెండు షీట్లను వరుసగా ఆరు ఆదివారాలు అడిగితే, ఆ క్లబ్బు ప్రణాళికలో కొత్తవారి కోసం ఉండాల్సిన మొదటి పంక్తిని వారే రాసినట్టవుతుంది.