మీ స్టోరేజీ నిండినది

పొద్దున్నే ఆరింటికి ఫోన్ మోగుతుంది. ఆ టైములో మోగిందంటే చుట్టాల్లో ఎవరో పోయారని అర్థం, కాబట్టి గుండె చిక్కబట్టుకుని లేస్తాం. లేచి చూస్తే "మీ స్టోరేజీ 98 శాతం నిండింది" అని ఉంటుంది. నిన్నా ఇదే, మొన్నా ఇదే. పాలు రాని రోజుంది, మంజీరా నీళ్లు రాని వారాలున్నాయి, ఈ మెసేజీ రాని పొద్దు మాత్రం లేదు. మా ఫోటోలు దాచే క్లౌడ్ కంపెనీ పేరు చెప్పను. అవసరం కూడా లేదు, మీ ఫోన్లో ఉన్నవాడూ ఇదే పాట పాడుతున్నాడు.

బాధ్యత గల పౌరుణ్ణి కనక ఈ సమస్య మీద మొన్న ఆదివారం కూకట్‌పల్లిలోని మా ఇంట్లో అఖిలపక్ష సమావేశం ఏర్పాటు చేశాను. మాది ఫ్యామిలీ ప్లాను. అంటే స్థలం అందరిదీ, బిల్లు నాది. ఎవరి వాటా ఎంతో జాబితా నాకు కనిపిస్తుంది. లోపల ఏముందో కనిపించదు. జాబితాలో అందరికంటే పైనున్న పేరు దగ్గర ఎవరూ ఆగలేదు, గబగబా కిందికి దిగాం. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు అమ్మ వాటా. గుడ్ మార్నింగ్ బొమ్మలు, వేలల్లో. ప్రతి దాంట్లో ఒక దేవుడు, ఒక తామర పువ్వు, ఆ రెండింటికీ సంబంధం లేని ఒక కాఫీ కప్పు. డిలీట్ చేద్దామా అన్నాను. దేవుడి బొమ్మని డిలీట్ చేయకూడదు, నిమజ్జనం చేయాలి అంది. సరే, ట్యాంక్‌బండ్ మీద క్రేను మాట్లాడి ఫోన్‌ని హుస్సేన్‌సాగర్‌లో దింపించనా అంటే, వెటకారం తండ్రి పోలిక అంది. మా ఆవిడ వాటాలో నాలుగొందల చీరల స్క్రీన్‌షాట్లు బయటపడ్డాయి. అందులో ఒక్కటీ కొన్నది కాదు. కొనని చీరలకి నెలనెలా బీరువా అద్దె కడుతున్న మొదటి తెలుగువాణ్ణి నేనే అయ్యుంటాను. మా బావమరిది షాద్‌నగర్ అవతల కొన్న ప్లాటుకి పద్నాలుగు వీడియోలు తీశాడు, పద్నాలుగింట్లోనూ అవే నాలుగు హద్దురాళ్లు, అదే తుమ్మచెట్టు. రాళ్లు కదిలితే సాక్ష్యం ఉండాలి కదా బావా అన్నాడు. నా ఆధార్ కార్డు ఫోటోలు ఇరవై రెండు దొరికాయి, ఎందుకంటే అడిగిన ప్రతిసారీ పాతది వెతకడం కంటే కొత్తది తీయడం తేలిక. మూడు గంటలు, రెండు విడతల టీ, ఒక అలక తర్వాత సభ ఏకగ్రీవంగా ఒక్క ఫోటో తొలగించింది. అది మసకగా పడ్డ నా బొటనవేలు.

బావమరిది గచ్చిబౌలిలో క్లౌడ్ మీదే ఉద్యోగం చేస్తాడు. "పై ప్లానుకి వెళ్లిపో బావా, నెలకి ఒక బిర్యానీ కూడా కాదు" అన్నాడు. సొంతిల్లు కట్టుకోవాలా అని టులెట్ బ్రోకర్ని అడిగితే ఏం చెప్తాడు? అదే చెప్పాడు.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. సొంత క్లౌడ్ పెట్టేద్దామనుకున్నాను. ఇది నా బుర్రలో పుట్టిన పిచ్చి కాదు. ఎబెన్ మోగ్లెన్ అనే కొలంబియా లా ప్రొఫెసర్ 2010లోనే న్యూయార్క్‌లో నిలబడి, ఎవరి సర్వరు (ఫైళ్లు దాచి, అడిగినప్పుడు అందించే కంప్యూటరు) వాళ్ల ఇంట్లోనే ఉండాలయ్యా, గోడకి గుచ్చే చార్జరంత పెట్టె చాలు అని మొత్తుకున్నాడు. ఫ్రీడమ్‌బాక్స్ అనే ప్రాజెక్టు దాన్నుంచే వచ్చింది. 2016లో ఇంట్లోనే సొంత క్లౌడ్ నడుపుకునే నెక్స్ట్‌క్లౌడ్ అనే సాఫ్ట్‌వేరు వచ్చింది, ఉచితం, కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. కావాల్సిందల్లా పాత కంప్యూటరు, ఒక హార్డ్ డిస్కు, కాస్త ఓపిక. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో బేరమాడి రెండు డిస్కులు తెచ్చాను (రెండోది బ్యాకప్‌కి, ఒక్క డిస్కు మీద ప్రాణాలు పెట్టుకోకూడదు), అటకెక్కిన ల్యాప్‌టాప్ దింపాను. రెండు రాత్రులు పట్టింది, నడిచింది. ఇంట్లో ఉన్నంతసేపు బ్రహ్మాండం. గేటు దాటితే ఫోటోలు రావు.

ఇంటర్నెట్ అబ్బాయిని పిలిచి పబ్లిక్ ఐపీ, అంటే బయటినుంచి మా ఇల్లు దొరికే నెట్ చిరునామా, కావాలన్నాను.

"నెట్ వస్తలేదా అన్నా?"

"వస్తుంది. బయటినుంచి మా ఇంటికి రావాలి."

"బయటికెళ్లి మీ ఇంటికి ఎవరొస్తరన్నా?"

"నేనే."

ఆ అబ్బాయి నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. విషయం ఏమిటంటే నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో ఉన్న చిరునామాలు మొత్తం కలిపి 429 కోట్లు, అవి ప్రపంచానికి ఎప్పుడో చాలకుండా పోయాయి. అందుకని వీధిలో ఇళ్లన్నిటినీ ఒకే చిరునామా వెనక నిలబెడతారు, దాన్ని సీజీనాట్ అంటారు. బయటినుంచి వచ్చినవాడికి ఏ ఇల్లు మనదో తెలిసే దారి ఉండదు. డోర్ నంబర్లు ఎలాగూ పనిచేయని ఊరు మనది, హనుమాన్ గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురుగా, పచ్చ గేటు అని చెప్పుకుని బతుకుతున్నాం, కానీ నెట్‌లో ఆ పచ్చ గేటు కూడా లేదు. స్టాటిక్ ఐపీకి, అంటే మనకంటూ మారని చిరునామాకి, విడిగా డబ్బు కట్టమన్నారు. చివరికి వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేరుతో నెట్‌లో ఓ రహస్య సొరంగం తవ్వి, చిన్న అద్దె సర్వరు మీదుగా తిప్పి తెచ్చుకున్నాను. అవును, అద్దె సర్వరే, నవ్వండి. కానీ దాని గుండా ఫోటోలు పోతాయే తప్ప అందులో ఉండవు.

క్లౌడంటే ఆకాశంలో ఉంటుందని అమ్మ నమ్మకం. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే డేటా సెంటర్ల రీజియన్ తెరిచింది, మైక్రోసాఫ్టూ ఇక్కడే కడుతోంది. మేఘమంటే నగర శివార్లలో పెద్ద ప్రహరీ, సెక్యూరిటీ గార్డు, డీజిల్ జనరేటర్లు. ఏమో, మన ఫోటోలు మన ఇంటికి గంట దూరంలోనే ఉన్నాయేమో. వెళ్లి అడిగి చూడండి, గేటు దగ్గర వాచ్‌మన్ మీ ఆధార్ అడుగుతాడు. ఇరవై మూడోసారి ఫోటో తీయాల్సి వస్తుంది.

మరి చట్టం లేదా అంటారు. ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు తేల్చారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు రావడానికి 2025 నవంబరు అయింది, వాటిలో అసలైనవి అమల్లోకి రావడానికి మళ్లీ 18 నెలల గడువు. ఆ చట్టంలో మన పేరు డేటా ప్రిన్సిపల్. కాలేజీ లేదు, అటెండరు లేడు, జీతం లేదు, ప్రిన్సిపాల్ మాత్రం మనమే. తప్పుడు ఫిర్యాదు చేస్తే మనకి పది వేల దాకా జరిమానా కూడా రాశారు. ఒక్క మంచి మాట ఉంది: మనం పోయాక మన డేటా సంగతి చూడ్డానికి నామినీని పెట్టుకోవచ్చు.

మా నాన్న పెట్టలేదు. ఆయన పోయి మూడేళ్లయింది, అప్పటికి అలాంటి హక్కు ఒకటుందని ఎవరికి తెలుసు?

జాబితాలో పైనున్న పేరు ఆయనదే. 31 జీబీ. ఫోన్ పాడైతే రిపేరు షాపువాడు రీసెట్ కొట్టాడు, క్లౌడ్‌లో ఉన్నాయిగా అని మేమూ ఊరుకున్నాం. సంక్రాంతికి డాబా మీద నా కూతురికి గాలిపటం ఎగరేయడం నేర్పిన వీడియో అందులోనే ఉంది. నేను చూడలేను. పాస్‌వర్డు మార్చాలంటే ఆయన నంబరుకి కోడ్ వెళ్తుంది. రీచార్జి లేక ఆ నంబరు రద్దయి, ఇప్పుడు నల్లగొండలో ఎవరో మహానుభావుడి చేతిలో ఉంది. సిగ్గు విడిచి ఆయనకే ఫోన్ చేశాను. పాపం, అడగ్గానే కోడ్ చదివి చెప్పాడు. కొట్టాను. పరికరం కొత్తదట, మీరు మీరేనని నిర్ధారించుకోలేకపోయామట. కంపెనీకి మరణ ధ్రువపత్రం పంపితే, భద్రతా కారణాల రీత్యా ఖాతాదారుడే స్వయంగా సంప్రదించాలని జవాబొచ్చింది. స్వయంగా! ఎక్కణ్ణుంచి రమ్మంటావురా? ఆయన నా తండ్రి, తీసింది ఆయన చేత్తో, అందులో ఉన్నది నా బిడ్డ, అద్దె కడుతున్నది నేను, తాళం నీ దగ్గరా? పైగా భద్రత ఎవరినుంచి, నా నుంచా?

ఈ పొద్దున ఆరింటికి మళ్లీ మోగింది. ఈసారి కొత్త సలహా కూడా ఉంది. ఎక్కువ స్థలం వాడుతున్న సభ్యుణ్ణి కుటుంబం నుంచి తొలగిస్తే 31 జీబీ ఖాళీ అవుతుందట. పక్కనే నీలం రంగు బటను.

బిల్లు కట్టి పై ప్లానుకి మారాను.