బుట్టలు రెండు, తొట్టి ఒక్కటే
పొద్దున్నే మైకు పెట్టుకుని వస్తుంది చెత్త బండి, తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో వేయండి, ఎరువు చేస్తాం అంటూ. సరేనని అరటి తొక్కలు, కూరగాయల తుక్కు, వాడేసిన టీ పొడి విడిగా పెట్టి, ఈగలు ముసురుతున్నా ఓర్చుకుని తీసుకెళ్తే, ఆ అబ్బాయి రెండూ ఒకే తొట్టిలో గుమ్మరించేశాడు! అదేంటి బాబూ అంటే "మధ్యలో రేకు ఊడిపోయిందండీ, ఎలాగూ డంపింగ్ యార్డుకే కదా" అన్నాడు. పాపం, అతన్ని అని ఏం లాభం. ఇంట్లోనే వేరు చేయాలని 2016 నుంచి రూల్సున్నాయి, మాకేనా అవి, బండికి లేవా? ఇలా అన్నీ కలిపేసి, ఎరువు చేసే వానపాములకు డైపర్లు కూడా పెడతారేమో మరి. మొన్న మళ్లీ అవగాహన అంటూ కరపత్రం ఇచ్చారు, ప్లాస్టిక్ పూత కాగితం మీద. ఏ బుట్టలో వేయాలో తెలియక అది ఫ్రిజ్ మీదే ఉంది.