నాలుగు గంటలకోసారి నడుం వాల్చే మానిటర్ గారికి

మహారాజశ్రీ ఓఎల్‌ఈడీ గేమింగ్ మానిటర్ గారి సముఖమునకు,

నమస్కారాలతో రాయునది. నిన్న రాత్రి తమరు కాస్త విశ్రాంతి తీసుకున్నారు. ఒంట్లో కుదుటపడిందని తలుస్తాను. నాకు మాత్రం కుదుటపడలేదు.

ర్యాంకు కోసం ఆడే ర్యాంక్డ్ మ్యాచ్, ఆఖరి రౌండ్. మా జట్టులో నేనొక్కణ్ణే మిగిలాను, అవతల ఇద్దరు. గోడ వారగా నక్కి, ఊపిరి బిగబట్టి అడుగుల చప్పుడు వింటున్నాను. సరిగ్గా అప్పుడే తెర నడిమధ్య ఒక పెట్టె తెచ్చి పెట్టారు: 'నాలుగు గంటలు దాటింది, పిక్సెల్ క్లీనింగ్ మొదలుపెట్టమంటారా?' మచ్చలు పడకుండా తెర ఆపి తమరు చేసుకునే శుభ్రం అది. పెట్టె వెనకాల శత్రువున్నాడు. కంగారులో తమరి కిందికి చెయ్యి పోనిచ్చి, బఠానీ గింజంత జాయ్‌స్టిక్‌ని తడుముకుని, 'తర్వాత' నొక్కబోయి 'అవును' నొక్కాను. చీకటి.

ఆట ఆగలేదు. హెడ్‌సెట్‌లో అన్నీ వినబడుతూనే ఉన్నాయి. అడుగులు దగ్గరయ్యాయి, రెండు తూటాలు పేలాయి, ఎవరో కూలబడ్డారు. ఆ ఎవరో నేనే. నా చావు నేను చెవులారా విన్నాను. ఆ తర్వాత మావాళ్లు నన్నేమన్నారో అదీ విన్నాను.

తమరి బిరుదుల్లో 0.03 మిల్లీసెకన్ల రెస్పాన్స్ టైమ్ ఉంది, అంటే పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం. 240 హెర్ట్జ్ ఉంది, అంటే దాదాపు 4.17 మిల్లీసెకన్లకో కొత్త బొమ్మ. నేను కన్ను మూసి తెరిచేలోపు శత్రువు కనబడతాడన్నారు. తమరు కన్ను మూసింది ఆరు నిమిషాలు. తమరి లెక్కలోనే 86,400 ఫ్రేములు. వాటిలో నాకు ఓ పాతిక చాలు కదండీ!

తమరి నాజూకుతనం నాకు తెలియనిది కాదు. వెనకాల బ్యాక్‌లైట్ ఉండదు, ప్రతి పిక్సెల్ తన వెలుగు తనే ఇచ్చుకోవాలి. వెలిగేకొద్దీ ఆ ఆర్గానిక్ పొర అరుగుతుంది, నీలం మరీ తొందరగా. ఒకే బొమ్మ గంటల తరబడి ఒకేచోట నిలబడితే అక్కడ ఎక్కువ అరిగి మచ్చ తేలుతుంది. బర్న్-ఇన్ అనే ఆ మాట విన్న రోజు నుంచి నాకు నిద్ర లేదు. టాస్క్‌బార్ దాచేశాను. ఐకాన్లు తీసేశాను. వాల్‌పేపర్ నల్లది పెట్టాను. మంచినీళ్లకి లేచినా తెర ఆపి లేస్తున్నాను. ఒక స్నేహితుడు వచ్చి 'కంప్యూటర్ పాడైందా?' అన్నాడు. లేదురా, అదే డెస్క్‌టాప్. సెలవు రోజుల్లో తెరంతా బూడిదరంగు పరిచి, ముక్కు ఆనేంత దగ్గరగా మచ్చలు వెతుక్కుంటున్నాను. ఆటలో నా ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత ఎప్పుడూ ఎడమ మూలనే ఉంటుంది. తొందరగా చచ్చిపోతే ఆ గీత పోయి తమరికి మచ్చ తప్పుతుంది కదా అని కూడా ఒకసారి అనిపించింది. కొత్త అల్లుడికైనా ఇన్ని మర్యాదలుండవు.

మిగతావి చిన్నవే. వెలుగు 1000 నిట్స్ అన్నారు. అది తెరలో మూడు శాతం చోటుకేనట. తెల్ల పేజీ తెరిస్తే మబ్బు కమ్మినట్టు 250 దగ్గరికి దిగిపోతారు. అక్షరాల అంచులకి రంగుల జరీ. ఆట వేగాన్ని బట్టి తెర వేగం మార్చే వీఆర్‌ఆర్ ఒకటి, లోడింగ్ స్క్రీన్ రాగానే దానివల్ల మినుకుమినుకు. వీపు మీద రంగురంగుల దీపాలు దేనికి, గోడ చూడ్డానికా? నా గ్రాఫిక్స్ కార్డు 90 ఫ్రేములు దాటదు, అది మాత్రం నా తప్పే.

కానీ ఆ పెట్టె! నడిమధ్యే ఎందుకు పెట్టావు? మూలలు నాలుగున్నాయిగా? సెకనుకి 240 సార్లు నా ఆట గీస్తున్నది నువ్వేగా, నేను ఆడుతున్నానని నీకు తెలీదా? రాత్రంతా నీదేగా, నేను పడుకున్నాక చేసుకోవద్దన్నానా? నీ క్లీనింగ్ కోసమే కదా గోడ స్విచ్ కూడా ఆపకుండా పడుకుంటున్నాను!

ఆరు నిమిషాలకి లేచి నువ్వు చూపించిన మొదటి మాట 'ఓటమి'. ఎంత నీటుగా చూపించావు! అక్షరాల చుట్టూ రవ్వంత వెలుగు కారలేదు. పాత మానిటర్‌ని అటక మీంచి దింపుదామని లేచాను కూడా. లేచినవాణ్ణి, కోపం చల్లారడానికని ఒంటరిగా ఆడే ఆట ఒకటి తెరిచాను. గుహ, అందులో ఒక్కటే దీపం. పాత ఎల్‌సీడీలో ఆ గుహ బూడిద కలిపిన నీళ్లలా ఉండేది. నీలో నలుపంటే నలుపే, పిక్సెల్ ఆరిపోతుందంతే. గదిలో లైటు తీసేస్తే నీ అంచు ఎక్కడో, గది చీకటి ఎక్కడో తెలియలేదు. దీపం గాల్లో నిలబడింది. ఆట ఆడలేదు, అలా చూస్తూ కూర్చున్నాను. అటక సంగతి మర్చిపోయాను.

ఇదిగో, ఈ ఉత్తరం టైప్ చేస్తుంటే వెలుగు తగ్గిస్తున్నావు. తెర మీద కదలిక లేదు కాబట్టి మనిషి లేడని నీ అనుమానం. ఉన్నానయ్యా. మౌస్ కదుపుతున్నాను, కనబడుతోందా? ఇంకా రాయాల్సింది ఉంది గానీ నాలుగు గంటలు కావస్తోంది. ఈసారి నేనే 'అవును' నొక్కుతాను, పడుకో.

ఇట్లు,
చీకట్లో చచ్చిన నీ ఆటగాడు