బోర్డు పెడితే గుట్ట మిగులుతుందా?

పాండవుల గుట్టకు జియో హెరిటేజ్ గుర్తింపు, అంటే కాపాడుకోవాల్సిన భూగర్భ వారసత్వ స్థలమనే గుర్తింపు, వచ్చిందంటే మనమంతా సంబరపడ్డాం. మేమూ పడ్డాం. తెలంగాణలో ఆ గుర్తింపు దక్కింది మన భూపాలపల్లి జిల్లా గుట్టకే కదా అని గర్వంగా చెప్పుకున్నాం. మొన్న విశాఖ తీరం చూసొచ్చిన పాఠకుడు ఒకాయన ఫోన్ చేసి ఒక మాట అడిగారు. "భీమిలి ఎర్రమట్టి దిబ్బలకూ ఇదే బిరుదు ఉంది కద సార్, మరి అక్కడ జేసీబీలు ఎట్ల తిరిగినయ్?" దానికి మా దగ్గర జవాబు లేదు. సర్కారు దగ్గరా ఉన్నట్టు లేదు.

వరంగల్ నుంచి విశాఖ మనకు కొత్త ఊరేం కాదు. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. కంబాలకొండ అడవి తొవ్వలు, తొట్లకొండ బౌద్ధ స్తూపాలు, ఆ తర్వాత బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు పోతే ఎర్రమట్టి దిబ్బలు. అక్కడ కాసేపైనా నడిచిన వాళ్ళు ఆ చోటును మరిచిపోలేరు. వాన నీళ్ళు కోసుకుంటూ పోయిన ఇరుకు సందులు, రెండు పక్కలా మనిషి ఎత్తు దాటిన ఎర్రటి గోడలు, పైన జీడిమామిడి చెట్లు, కొంచెం ఎక్కితే సముద్రం. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి పోసింది. ఆ ఇసుకలోని ఇనుము వేల ఏళ్ళుగా తుప్పు పట్టి ఆ రంగు వచ్చింది. తమిళనాడు, శ్రీలంకల్లో కొన్నిచోట్ల తప్ప మన చుట్టుపక్కల ఇలాంటివి పెద్దగా కనిపించవు. అది రాయి కాదు, గుప్పిట్లో పట్టుకుంటే రాలిపోయే ఇసుక. ఒకసారి మెషిన్ పెట్టి చదును చేస్తే మళ్ళీ మనిషి చేతుల్లో తయారయ్యేది కాదు.

దానికి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ) 2014లో గుర్తింపు ఇచ్చింది. బోర్డు పెట్టారు. 2024 జూలైలో ఆ దిబ్బల్ని ప్లాట్ల కోసం తవ్వుతున్న ఫొటోలు బయటికొచ్చాయి. గొడవ అయ్యాక పనులు ఆపించారు. గొడవ కాకపోతే? ఫొటోలు తీసేవాళ్ళు ఆ రోజు అటు పోకపోతే?

తవ్వినవాళ్ళు మా దగ్గర కాగితాలున్నాయి, ఇళ్ళు కట్టుకునే హక్కు మాకుంది అన్నారు. కాగితాల సంగతి కోర్టులు చూసుకుంటాయి. మేం అడిగేది వేరే. అంత పెద్ద బిరుదు ఉన్న చోట మెషిన్ దిగుతుంటే ఆ బిరుదు ఇచ్చినవాళ్ళు వచ్చి ఆపగలిగే అధికారం ఎందుకు లేదు? ఎందుకంటే ఆ బిరుదు వెనక చట్టం లేదు. జియో హెరిటేజ్ స్థలాలను కాపాడటానికి కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబర్‌లో ఒక ముసాయిదా బిల్లు బయటపెట్టింది. అది ముసాయిదాగానే ఉండిపోయింది. అంటే ఇప్పటికి ఉన్నది బోర్డు ఒక్కటే. తవ్వేవాడికి బోర్డు అడ్డం కాదు.

అదే విశాఖ తీరంలో రుషికొండ సంగతి చూడండి. ఆ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు. 2025 మొదట్లో చెత్త, కుక్కలు, సరిగ్గా లేని నిర్వహణ మీద ఫిర్యాదులు పోతే ఆ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు. ఎక్కడో డెన్మార్క్‌లో కూర్చున్న సంస్థ వద్దనగానే ఇక్కడ అధికారులు ఉరికారు, బాగుచేశారు, జెండా తిరిగి తెచ్చుకున్నారు. ఆ జెండాను ఇచ్చినవాడు తీసేసుకోగలడు కాబట్టి దానికి అంత విలువ. మన పాండవుల గుట్టకు వచ్చిన గుర్తింపు విషయంలో అలా అడిగేవాళ్ళు ఎవరు? రేపు గుట్ట పక్కన ఏదైనా జరిగితే ఫోన్ ఎవరికి చేయాలి?

అది అటవీ శాఖ చూసుకునే చోటు, ఎవరూ ముట్టుకోరు, ఊరికే టెన్షన్ పడొద్దు అనేవాళ్ళున్నారు. వాళ్ళ నమ్మకం నిలవాలనే మేమూ కోరుకుంటాం. కానీ 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడానికి సెలవు రోజులు చూసుకుని బుల్డోజర్లు దిగడం, సుప్రీంకోర్టు ఆపితే గానీ ఆగకపోవడం ఈ రాష్ట్రంలో జరిగినవే. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ కోసం గుట్టలు ఎలా మాయమయ్యాయో మనం బస్సు కిటికీలోంచి చూస్తూ పెరిగాం. వాటిలో ఏ గుట్ట మీద ఏ బొమ్మ ఉండేదో ఇక ఎవరు చెప్పాలి?

పాండవుల గుట్టలో ఆదిమానవులు రాళ్ళ మీద గీసిన బొమ్మలు ఉన్నాయి. జింకలు, అడవిదున్న, పులి, ఎరుపులో, తెలుపులో, పసుపులో, ఆకుపచ్చలో కూడా. 1990లో అవి లోకానికి తెలిశాయి. ఇసుకరాయి చరియల కింద వేల ఏళ్ళు నిలిచిన ఆ గీతల పక్కన ఇవాళ బొగ్గుతో, రాయితో పేర్లు గీకే పిల్లలున్నారు. వాళ్ళను పట్టుకుని తిట్టడం తేలికే. కానీ గేటు దగ్గర గైడ్ లేకుండా, కాపలా లేకుండా, ఏ బొమ్మ దగ్గరికి ఎంత దూరంలో నిలబడాలో చెప్పే తాడు కూడా కట్టకుండా, "రండి, ట్రెక్కింగ్ చేయండి" అని పిలిచిన పెద్దల్ని ముందు అడగాలి. జనం రావాలనే మేమూ అంటున్నాం. హనుమకొండ పిల్లలు సముద్రం దాకా పోకుండానే యాభై కిలోమీటర్లలో ఇంత అందమైన తొవ్వలో నడవగలిగితే అంతకన్నా ఏం కావాలి. అయితే భీమిలిలో అయింది ఇక్కడ కాకూడదు.

కాబట్టి సూటిగా అడుగుతున్నాం. గుర్తింపు పొందిన స్థలం ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబర్ల దాకా, దాని చుట్టూ ఎంత దూరం వరకు తవ్వకం, క్వారీ, ప్లాట్లు కుదరవు? ఇవన్నీ తెలుగులో రాసి రేగొండ మండలంలో ప్రతి పంచాయతీ గోడ మీద అంటించాలి. రాష్ట్ర ప్రభుత్వం జీవో ఇవ్వాలి, ఎంపీలు ఢిల్లీలో ఆ 2022 ముసాయిదా ఏమైందని లేచి అడగాలి. కొత్త బోర్డు ముందు శాలువాలు కప్పుకుని ఫొటో దిగడానికి వచ్చే నాయకులారా, అధికారులారా, ముందు ఆ సర్వే నంబర్లు తీసుకుని రండి. ఫొటో తర్వాత దిగుదురుగాని.