వదిన పుస్తకం, మరదలి పేచీ

మా ఆవిడ ప్రతి రాత్రీ పడుకునే ముందు, ఆ రోజు తనకు జరిగిన మూడు మేళ్ళను ఒక పుస్తకంలో రాసుకుంటుంది. మా అబ్బాయి పాత నోటుబుక్కుల్లో మిగిలిపోయిన తెల్లకాగితాలను చింపి, దబ్బనంతో కుట్టుకున్న పుస్తకం అది. పదేళ్ళలో అలాంటివి పద్నాలుగు పోగయ్యాయి. చెన్నై పెరుంగుడిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే మా చెల్లెలు మొన్న శనివారం విల్లివాక్కంలోని మా ఇంటికి వచ్చి, వదినను అడిగే ఆ పుస్తకాలు తీసుకుని చదివింది. చదివి ఊరుకోలేదు. మధ్యలో నోరు విప్పవద్దని ఇద్దరూ నన్ను ముందే కట్టడి చేశారు కనుక, కాఫీ కలుపుతూ విన్న వాదాన్ని, మాటలు కొంచెం సాపు చేసి ఇక్కడ రాస్తున్నాను.

మరదలు: వదినా, ఈ ఒక్క నెలలో మీరు “ఆరోగ్యం” అని పంతొమ్మిది సార్లు రాశారు. “ఆయన వేళకు ఇంటికి వచ్చారు” అని పదకొండు సార్లు రాశారు. ఆ పంతొమ్మిది రాత్రులూ ఆరోగ్యాన్ని తలచుకుని మీ మనసు నిజంగా పొంగిందా, లేక మూడు వరుసలు నిండాలి కనుక నింపారా? రోజూ చేసే పని ఏదైనా కొన్నాళ్ళకు చేతికి అలవాటై మనసుకు దూరమవుతుంది. సంధ్యావందనం చేస్తూనే వీధిలోని కూరలబండిని చేత్తో ఆపిన తాతయ్య మన ఇంట్లోనే ఉండేవారు కదా.

వదిన: నింపిన రోజులున్నాయి, కాదనను. అయితే అదే పేజీలో కింద చూడు. “కింది ఇంటి అవ్వ నాలుగు బెండకాయలు ఇచ్చింది. ఆమె తొట్టిలో కాసినవే ఆరు.” ఆమె ఇచ్చినప్పుడు నేను చూసింది చేతిలోని నాలుగు కాయలనే. ఆమెకు మిగిలినవి రెండేనన్న సంగతి రాత్రి రాయడానికి కూర్చున్నప్పుడు తట్టింది. కృతజ్ఞత అన్న మాటలో కృతం అంటే చేసినది, జ్ఞత అంటే ఎరిగి ఉండటం. మనకు ఎవరు ఏమి చేశారో ఎరిగి ఉండాలని ఆ మాట చెబుతోంది తప్ప, మనసు పొంగడం గురించి అందులో ఏమీ లేదు.

మరదలు: ఎరిగి ఊరుకుంటే సరిపోతుందా? మన ఇళ్ళలో ధన్యవాదాలు చెప్పుకునే అలవాటే లేదు. అన్నం వడ్డించిన అమ్మకు “థాంక్స్” చెప్పి చూడండి, “నేనేమైనా పరాయిదాన్నా” అని కోప్పడుతుంది. మేలుకు బదులు మేలే గాని మాట కాదని మనవాళ్ళకు తెలుసు. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి పంపకుండా కాస్త పంచదారైనా వేసి పంపేది అందుకే. అవ్వ గిన్నె తిరిగి వెళ్ళిందా, పుస్తకంలోనే ఆగిపోయిందా?

వదిన: గోంగూర పచ్చడితో వెళ్ళింది. రాసుకున్నాను కనుకనే వెళ్ళింది.

మరదలు: సరే, మీ సంగతి వేరు. నాకు ఈ మాట వింటేనే ఒళ్ళు మండటానికి కారణం మా ఆఫీసు. రెండేళ్ళ కిందట జీతాల పెంపు ఆపేసిన నెలలోనే మా ఫోన్లలో ఒక యాప్ పెట్టించి, రోజూ ఉదయం మూడు కృతజ్ఞతలు నమోదు చేయమన్నారు. ఎనిమిది మంది ఉన్న మా టీములో ముగ్గురిని తీసేసి, వాళ్ళ పనిని మిగిలిన ఐదుగురికి పంచారు. ఆ వారం యాప్‌లో అందరమూ “ఉద్యోగం ఉన్నందుకు” అనే రాశాము, ఎందుకంటే ఎవరు ఏమి రాశారో మేనేజరుకు కనిపిస్తుంది. నేను పని చేస్తున్నాను, వాళ్ళు జీతం ఇస్తున్నారు. అది ఒప్పందమే గాని ఉపకారం కాదు. నాకు రావలసినదాన్ని ఎవరో దయతలచి పెట్టినట్టు రోజూ రాయిస్తే, రేపు అడగడానికి నోరెలా వస్తుంది?

వదిన: ఆ యాప్‌ను నేను సమర్థించను. అడిగి రాయించుకునే కృతజ్ఞతకూ, ఇంటి ముందు కూర్చుని చేసే వడ్డీ వసూలుకూ పెద్ద తేడా లేదు. కానీ పనికి కృతజ్ఞత అంటే యజమానికి కృతజ్ఞత అని ఎవరన్నారు? ఆయుధపూజ నాడు ఈ ఊళ్ళో ఆటోడ్రైవరు తన బండిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాడు. ఆ దండ తీసుకెళ్ళి బండికి అప్పు ఇచ్చినవాడి మెడలో వేయడు కదా. నువ్వు రాసుకోవలసింది “ఉద్యోగం” అని కాదమ్మాయీ. ఆ తీసేసిన ముగ్గురిలో నీకు పని నేర్పినవారు ఎవరైనా ఉంటే వారి పేరు రాసుకోవాలి.

(ఇక్కడ మా చెల్లెలు కాసేపు మాట్లాడలేదు. ఆ ముగ్గురిలో ఒకామె దానికి మొదటి ఆరు నెలలూ పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ దెబ్బ కావాలని కొట్టినదో, అనుకోకుండా తగిలినదో నేను చెప్పలేను.)

మరదలు: ఆయుధపూజ ఏడాదికి ఒక్కసారే వస్తుంది వదినా, దాని బలం అందులోనే ఉంది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు చెప్పేదీ ఇంచుమించు ఇదే. సోన్యా ల్యుబోమిర్‌స్కీ బృందం ఆరు వారాలు పరిశీలించినప్పుడు, వారానికి ఒకసారి తమ మేళ్ళను లెక్కపెట్టుకున్నవారికి సంతోషం పెరిగింది గాని, వారానికి మూడుసార్లు లెక్కపెట్టుకున్నవారికి పెరగలేదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారు 27 అధ్యయనాలను కలిపి చూసి, దిగులు మీదా ఆందోళన మీదా ఈ కృతజ్ఞతా సాధన ప్రభావం కొద్దిపాటిదేనని 2021లో ప్రచురించారు. దిగులుతో నలిగే మనిషికి పుస్తకం, పెన్ను చేతికిచ్చి, ఇక వైద్యం అక్కరలేదన్నట్టు మాట్లాడేవాళ్ళ మీదే నా కోపం.

వదిన: మందుకు బదులుగా నేను ఎవరికీ ఈ పుస్తకం ఇవ్వలేదు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా 2003లో ప్రచురించిన పరిశోధనలో, మేళ్ళు రాసుకున్న విద్యార్థులు చిరాకులు రాసుకున్నవారి కంటే తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారు.

మరదలు: చిరాకులు రాసుకున్నవారితో పోలిస్తే ఎవరైనా సంతోషంగానే కనిపిస్తారు.

వదిన: పోనీ, ఆ తేడాను పక్కన పెట్టు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం ఒక వారం పాటు రోజూ రాత్రి మూడు మంచి సంగతులు రాయించినప్పుడు, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో కూడా రాయమన్నారు. నాకు పనికి వచ్చింది ఆ “ఎందుకు” అన్న ప్రశ్నే. ఒకనాడు “కుళాయిలో నీళ్ళు వచ్చాయి” అని రాసి, ఎందుకు వచ్చాయని ఆలోచించాను. నా పుట్టిల్లు రాపూరు దగ్గర, కండలేరు చూస్తూ పెరిగినదాన్ని. మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా నీటిలోనుంచి తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి 1976లో ఒప్పుకున్నాయి. 1983లో తెలుగుగంగ ఒప్పందం జరిగింది, 1996లో గాని తొలి నీళ్ళు పూండి జలాశయానికి చేరలేదు. శ్రీశైలం నుంచి సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, ఆపైన ఆంధ్ర సరిహద్దు దాకానే 152 కిలోమీటర్ల కాలువ. చిన్నప్పుడు నేను రాళ్ళు విసిరి ఆడుకున్న నీళ్ళే ఇక్కడ నా బిందెలోకి వస్తుంటే, “నీళ్ళు వచ్చాయి” అన్న రెండు మాటలతో సరిపెట్టుకోగలనా?

మరదలు: 2019 వేసవిలో ఆ కాలువా లేదు, చెరువులూ లేవు. జోలార్‌పేట నుంచి 25 లక్షల లీటర్లతో నీళ్ళరైలు వచ్చి ఈ విల్లివాక్కంలోనే ఆగింది. అప్పుడు కూడా కృతజ్ఞత రాశారా?

వదిన: రాశాను. దాని పక్కనే కోపమూ రాశాను. చెరువులను పూడ్చి ఇళ్ళు కట్టుకున్నదీ, ఆ ఇళ్ళలో కాపురమున్నదీ మనమే కదా. ఆ రాత్రి రాసిన మరునాడే కారుతున్న కుళాయికి వాషరు మార్పించాను.

(వాషరు మార్చింది నేను. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు.)

మరదలు: సరే వదినా, నా అసలు ప్రశ్న ఇప్పుడు అడుగుతాను. ఈ పుస్తకాలు ఎప్పుడు మొదలుపెట్టారు?

వదిన: 2015 డిసెంబరులో, వరద తరువాత. నీకు తెలిసిందే కదా. ముడిచూరులో కింది వాటాలో అద్దెకుండేవాళ్ళం. వానలకు అడయారు నది పొంగింది, తెల్లవారేసరికి మా కిటికీ సగం దాకా నీళ్ళు. పడవ తెచ్చినవాడు కాశిమేడు జాలరి. “పయ్యన పుడిచ్చుకోమ్మా” అని తమిళంలో అరుస్తూ బాబును నా చేతికి అందించి, తన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి వాడి చెవులకు చుట్టాడు. మీ అన్నయ్య జేబులోనుంచి తడిసిన నోట్లు తీస్తే, వద్దని చెయ్యి ఊపి, పక్క వీధికి తిప్పుకున్నాడు. ఆ తువ్వాలు ఇప్పటికీ బీరువాలో ఉంది.

మరదలు: ఏటా డిసెంబరు 2న ఆయన గురించి రాశారు, చూశాను. పది పేజీలు. కాశిమేడు ఇక్కడికి బస్సులో గంట. ఒక్కసారైనా వెళ్ళారా? తువ్వాలైనా తిరిగి ఇచ్చారా? ఈ పుస్తకం మీద నా ఆరోపణ ఇదే. ఇందులో రాయగానే బాకీ తీరిపోయినట్టు మనసు కుదుటపడుతుంది. రాసుకోకపోయి ఉంటే, ఆ బరువు మోయలేక ఎప్పుడో వెళ్ళి ఉండేవారు.

వదిన: (చాలాసేపటికి) డబ్బు తీసుకెళితే ఆ రోజు వద్దన్నవాడిని చిన్నబుచ్చినట్టవుతుంది. ఒట్టి చేతులతో వెళ్ళడానికి సిగ్గు. ఆ రెంటి మధ్య పదేళ్ళు గడిచాయి. నువ్వన్నది నిజమే కావచ్చు. కానీ రాసుకోకపోయి ఉంటే వెళ్ళేదాన్నని నువ్వు అనుకుంటున్నావు, మరచిపోయేదాన్నేమోనని నా భయం. మొదటి పుస్తకం తెరువు. పడవ ముక్కు మీద పెయింటుతో రాసిన నంబరు చివరి నాలుగు అంకెలు ఆ రాత్రే రాసి పెట్టుకున్నాను. పేరు అడగడం మరచిపోయాను గాని, నంబరు మరవలేదు.

మరదలు: పదేళ్ళుగా నంబరు చేతిలో పెట్టుకుని!

వదిన: అవును, పెట్టుకునే ఉన్నాను. పడవలు తెల్లవారుజామున ఒడ్డుకు వస్తాయి. ఆదివారం నువ్వూ వస్తానంటే వెళదాం.

మరదలు: వస్తాను. అయితే వదినా, ఈ మూడో అంకె చెమ్మకు అలుక్కుపోయింది. ఇది మూడా, ఎనిమిదా?

వదిన: మూడు.

మరదలు: నాకు ఎనిమిదిలా కనిపిస్తోంది.

(కాఫీ చల్లారిపోయింది. ఇద్దరూ పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళారు.)