గాలి ఆడే సీటు ముందు బస్సు డ్రైవరుకు

కార్ల షోరూముల్లో అమ్మకందారు చెప్పే మాటల్లో ఈ మధ్య ఒకటి బాగా పనిచేస్తోంది: వెంటిలేటెడ్ సీట్లు. హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఏప్రిల్ నెలలో ఆ మాటకు ఉన్న బలం మైలేజీకి కూడా లేదు. స్విచ్ నొక్కగానే వీపు కింద గాలి కదులుతుంది, కొనడానికి వచ్చిన మనిషి ముఖం విప్పారుతుంది. అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. ఆ సీటు కావాలంటే చాలా కార్లలో అన్నిటికంటే ఖరీదైన వేరియంట్ తీసుకోవాలి. దానితోపాటు అక్కర్లేని హంగులు పది వస్తాయి, వాటిలో సన్‌రూఫ్ ఒకటి. ఎండ లోపలికి రావడానికి నడినెత్తిన ఒక గాజు కిటికీ, వచ్చిన వేడిని వెళ్లగొట్టడానికి సీటులో ఒక ఫ్యాను. రామగుండం ఎండలు తెలిసిన ఏ మనిషీ ఈ రెంటినీ ఒకే జాబితాలో రాయడు.

అయితే ఈ సీటును ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. పదేళ్లుగా కార్లలోకి వచ్చిపడిన హంగుల్లో మన వాతావరణానికి నిజంగా పనికొచ్చేది ఇదేనని నా నమ్మకం. నా తగాదా అంతా అది ఎవరి కింద ఉందన్న దాని గురించే.

ముందు ఒక భ్రమ తొలగించుకోవాలి. మన దగ్గర అమ్ముడవుతున్న ఈ సీట్లలో ఎక్కువ భాగం చల్లబరిచేవి కావు, గాలి ఆడించేవి మాత్రమే. కూర్చునే భాగం అడుగున, వీపు వెనుక చిన్న ఫ్యాన్లు ఉంటాయి. సన్నని రంధ్రాలున్న తొడుగు గుండా అవి గాలిని పీలుస్తాయి, లేదా బయటికి నెడతాయి. నిజంగా చల్లబరిచే రకం వేరే ఉంది. అందులో కరెంటు పారితే ఒక వైపు చల్లబడి మరో వైపు వేడెక్కే పెల్టియర్ పలకలు ఉంటాయి, లేదా ఏసీ గాలినే గొట్టం ద్వారా సీటులోకి పంపుతారు. మామూలు కుటుంబాలు కొనే కార్లలో ఉన్నది మొదటి రకమే.

ఉత్త ఫ్యాను గాలితో అంత సుఖం ఎలా? జవాబు చెమటలో ఉంది. ఎండలో శరీరం తనను కాపాడుకునే ప్రధాన మార్గం చెమటను ఆవిరి చేయడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 2400 కిలోజౌళ్ల వేడి పోతుంది. కరెంటు లెక్కలో అది యూనిట్‌లో మూడింట రెండు వంతులు. కానీ ఆవిరైతేనే ఆ లాభం. కారిపోయిన చెమట వల్ల, వీపుకూ సీటుకూ మధ్య ఇరుక్కున్న చెమట వల్ల ఒళ్లు చల్లబడదు, బట్టలు తడుస్తాయంతే. రెక్సిన్ మీద కూర్చున్న మనిషికి వీపు, పిరుదులు, తొడల అడుగుభాగం ఈ లెక్కలోంచి తప్పిపోతాయి. అక్కడ చిక్కుకున్న కాస్త గాలి తేమతో నిండిపోయి ఇక చెమటను తీసుకోలేదు. ఏసీని 18కి తిప్పినా ముఖానికి చలి పుడుతుంది కానీ వీపు తడి ఆరదు. సీటులోని ఫ్యాను చేసే పని ఒక్కటే, ఆ తడి గాలిని లాగేసి పొడి గాలికి చోటివ్వడం.

పొడి గాలి అంటే ఉత్తర తెలంగాణే. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆదిలాబాద్ నుంచి వరంగల్ దాకా గాలిలో తేమ బాగా పడిపోతుంది. మన ఇళ్లలో గడ్డి ప్యాడ్ల కూలరు హాయినిచ్చి, విశాఖలో అదే కూలరు ఒంటికి జిడ్డు పూయడానికి కారణం ఇదే. చెమట ఆరిపోవడానికి ఇంత సిద్ధంగా ఉన్న గాలి తీరప్రాంతానికి లేదు. ఆ గాలిని వీపు దాకా చేరనివ్వకుండా అడ్డుకుంటున్నది మనం కావాలని వేసుకున్న ప్లాస్టిక్ పొర.

ఆ పొర కథ విచిత్రమైనది. ఒకప్పుడు చాలా కార్లలో గుడ్డ సీట్లు ఉండేవి, అంతో ఇంతో గాలి ఆడేది. తర్వాత తోలు దర్జా అయింది. తోలు కొనలేనివారి కోసం తోలులా కనిపించే ప్లాస్టిక్ వచ్చింది, అది ఇంకా దర్జా అయింది. దాని మీద వీపు ఉడుకుతోందని తెలిశాక దానికే రంధ్రాలు పొడిచి, కింద ఫ్యాను పెట్టి, మళ్లీ అమ్మారు. రోగమూ మందూ ఒకే దుకాణంలో దొరుకుతున్నాయి. ఇక్కడ మనవాళ్ల వాటా కూడా ఉంది. కొత్త కారు ఇంటికి రాగానే ఉపకరణాల దుకాణానికి తీసుకెళ్లి సీట్లకు మందపాటి కవర్లు కుట్టిస్తాం. లక్షలు పోసి కొన్న రంధ్రాలు వేల రూపాయలతో మూసుకుపోతాయి. ఫ్యాను మాత్రం పాపం తిరుగుతూనే ఉంటుంది.

ఇంకో తమాషా. కార్లలోకి ఈ ఫ్యాన్లను మొదట తెచ్చినవారిలో స్వీడన్ కంపెనీ సాబ్ ఉంది. 1997లో వచ్చిన సాబ్ 9-5 కారులో సీటు ఫ్యాన్లు ఇచ్చారు. సగం ఏడాది మంచు కురిసే దేశంలో వీపు చెమట గురించి ఆలోచించారు. మన దగ్గర మధ్యతరగతి ధరల్లోకి ఇది 2017లో హ్యుందాయ్ వెర్నాతో, 2019లో కియా సెల్టోస్‌తో దిగింది. ఇరవై ఏళ్ల ఆలస్యం. అప్పటికీ ముందు సీట్లకే. వెనుక కూర్చునే అమ్మమ్మకు, పిల్లలకు ఫ్యాన్లు పెట్టిన కార్లు ఇప్పటికీ కొన్నే.

ఇంధనం లెక్క కూడా దీని పక్షానే ఉంది. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం మామూలు. దాన్ని దించడానికి ఏసీ కంప్రెసర్ కిలోవాట్లలో శక్తి లాగుతుంది. సీటు ఫ్యాన్లకు పదుల వాట్లు చాలు. వీపు చల్లగా ఉంటే ఏసీని రెండు మూడు డిగ్రీలు పైకి పెట్టుకోవచ్చు. అమెరికాలోని ప్రయాణికుల వాహనాలన్నిటికీ ఈ సీట్లు ఉంటే కార్ల ఏసీలకు ఖర్చయ్యే ఇంధనం 7.5 శాతం తగ్గుతుందని ఆ దేశపు జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల గతంలో అంచనా వేసింది. అమెరికా అంతటికీ సగటున అంత ఆదా అంటే, నాలుగు నెలలు నిప్పులు కురిసే చోట ఆ ఫ్యానుకు పని ఇంకా ఎక్కువే దొరుకుతుంది కదా.

వ్యతిరేకించేవారు చెప్పేవీ ఉన్నాయి. దుమ్ముతో రంధ్రాలు మూసుకుపోతాయంటారు, ఫ్యాను పాడైతే సీటంతా విప్పాలంటారు, నడుము నొప్పి ఉన్నవారికి చల్లగాలి పడదంటారు. అన్నిటికంటే బలమైన అభ్యంతరం వేరే ఉంది. గాలి వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను గాలి ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. ఆ మాట కొట్టిపారేసేది కాదు. ఏసీ లేకుండా ఈ సీటు ఒక్కటే అద్భుతాలు చేయదు, నీళ్లు తాగని మనిషిని అసలే కాపాడదు. కానీ ఆ హెచ్చరిక చెప్పేది ఫ్యాను ఒక్కదాన్నే నమ్ముకోవద్దని. ఏసీ గాలి కొద్దిగా ఉన్నా సరే, దాన్ని వృథా కాకుండా సరిగ్గా మనిషి వీపుకు చేర్చడమే ఈ సీటు పని. దుమ్ముకు జాలీ ఉంది, మరమ్మతుకు మెకానిక్ ఉన్నాడు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎండాకాలంలో సీటు మీద ఎక్కువసేపు కూర్చునేది ఎవరు? సొంత కారులో హనుమకొండ నుంచి కాజీపేటకు వెళ్లేవారు అరగంటలో దిగిపోతారు. హనుమకొండ బస్టాండు నుంచి ఏటూరునాగారం బస్సు నడిపే మనిషి దిగడు. గోదావరిఖని నుంచి బూడిద లారీ తోలే మనిషి దిగడు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకొచ్చి, లైనులో తన వంతు కోసం బండిలోనే కూర్చునే ట్రాలీ డ్రైవరు దిగినా నీడ దొరకదు.

పల్లెవెలుగు బస్సులో డ్రైవరు చోటును ఒకసారి పరిశీలించండి. చాలా బస్సుల్లో ఇంజిను ముందే, ఆయన ఎడమ పక్కనే, రేకు బానెట్ కింద ఉంటుంది. ఎడమ కాలికి ఇంజిను సెగ, కుడి భుజానికి కిటికీ ఎండ, ముఖానికి ముందు అద్దం గుండా వచ్చే వెలుగు, కింద రెక్సిన్. నాలుగు వైపులా పొయ్యి పెట్టి, జాగ్రత్తగా నడపమని యాభై మంది ప్రాణాలు చేతిలో పెడతాం. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది, జనం బానెట్ మీద కూడా కూర్చుంటున్నారు. పథకం మంచిదే. దాని బరువు మోస్తున్న మనిషి సీటు గురించి ఎవరైనా మాట్లాడారా?

డ్రైవర్లు తమకు చేతనైన పరిష్కారాలు చేసుకున్నారు. సీటు మీద మడిచిన తువ్వాలు, చెక్కపూసల కవరు, కొందరు ప్లాస్టిక్ వైరుతో అల్లిన చాప. వీపుకూ రెక్సిన్‌కూ మధ్య గాలికి వేలెడు సందు చేయడమే వీటన్నిటి కిటుకు. కార్ల కంపెనీలు ఫ్యాను పెట్టి చేసిన పనిని వీళ్లు పూసలతో చేశారు. తేడా ఏమిటంటే ఒకదానికి హోర్డింగు ఉంది.

ఇది సుఖానికి సంబంధించిన విషయం అనుకుంటే పొరపాటు. గంటల తరబడి తడి బట్టలో, వేడి సీటులో కూర్చుంటే చెమట పొక్కులు, గజ్జల్లో తామర వస్తాయి. మూత్రానికి ఆగడం కుదరదని నీళ్లు తక్కువ తాగితే కిడ్నీలో రాళ్లకు దారి దొరుకుతుంది. ఎక్కువసేపు వాహనం నడిపే మగవారిలో వృషణాల వేడి పెరుగుతుందని, అది వీర్యకణాలకు మంచిది కాదని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. పెళ్లయి పిల్లలు లేని డ్రైవరు ఇంట్లో ముందు నింద పడేది భార్య మీదనే, సీటు మీద కాదు. వీటన్నిటికంటే ముందు, వేడి మనిషి ఏకాగ్రతను తగ్గిస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలకు బస్సు నడిపే చేతులకు అది చిన్న సంగతి కాదు.

లారీల విషయంలో ప్రభుత్వం ఒక అడుగు వేసింది. మూడున్నర టన్నులు దాటిన సరుకు వాహనాల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేస్తూ కేంద్ర రవాణా శాఖ 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే కొత్త బండ్లకు అది వర్తించేలా పెట్టారు. ఆలస్యమైనా మంచి పని. కానీ అది సరుకు బండ్ల గురించి, అందునా కొత్తవాటి గురించి. బియ్యం బస్తాలు మోసే బండికి ఏసీ తప్పనిసరి, మనుషుల్ని మోసే బస్సు డ్రైవరుకు చెక్కపూసలు. ఈ వరుసను ఎవరు సమర్థిస్తారో వినాలని ఉంది.

నాకు ఈ సీటు కంటే పెద్ద తగాదా ఒకటి ఉంది, అది ఇక్కడ చెప్పక తప్పదు. వేడిని ఎదుర్కోవడమంటే మనకు గదిని చల్లబరచడమే, మనిషిని చల్లబరచడం కాదు. తలుపులు బార్లా తెరిచి ఏసీ వేసుకునే బట్టల దుకాణం ముందు ఫుట్‌పాత్ మీద పండ్లమ్మే ఆమెకు గొడుగు ఉండదు. రేకులతో, స్టీలు బెంచీతో బస్ షెల్టరు కట్టి, మే నెలలో ఆ బెంచీ మీద కూర్చోమంటారు. హనుమకొండ మీదుగా ములుగు వెళ్లే 163వ జాతీయ రహదారే హైదరాబాద్ అవతల చేవెళ్ల మర్రిచెట్ల మధ్య నుంచి పోతుంది. రోడ్డు వెడల్పు కోసం ఆ చెట్లను తీయాలంటే వాటి కోసం జనం కోర్టుదాకా వెళ్లారు. మన వైపు రోడ్ల మీద పోయిన చింతలకు, వేపలకు అంత మంది దొరకలేదు. చెట్టు కింద ఆగిన బండి సీటు కాలదు, దానికి ఫ్యాను అవసరం సగం తగ్గుతుంది. నీడను నరికేసి, ఆ నీడ చేసిన పనినే ఖరీదైన వేరియంట్‌లో స్విచ్‌గా కొనుక్కుంటున్నాం.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణానికి పరిహారాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. అడగాల్సిందే, ఇవ్వాల్సిందే. అయితే మనిషి పోయాక ఇచ్చే 4 లక్షల గురించి జీవో వస్తుంది, మనిషి కూర్చున్న సీటు గురించి రాదు. లైటర్ సాకెట్‌కు తగిలించుకునే ఫ్యాను దిండ్లు బజారులో కొన్ని వేల రూపాయలకే దొరుకుతున్న కాలంలో డిపోల్లో పెద్దమొత్తంలో కొంటే దాని ఖర్చు ఎంతవుతుంది? లెక్క వేసి చూపించమనండి. ఎక్కువైతే అప్పుడు వాదించుకుందాం.

చేయగలిగిన చోటు కూడా ఉంది. టీజీఎస్‌ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులను కిలోమీటరుకు ఇంత అని ప్రైవేటు సంస్థలకు చెల్లించే పద్ధతిలో తీసుకుంటోంది, కరీంనగర్‌కూ వరంగల్‌కూ అవి వచ్చాయి. అద్దె బస్సులకూ ఒప్పందం ఉంటుంది. బస్సు ఎలా ఉండాలో ఆ కాగితాలు నిర్ణయిస్తాయి. బస్సు బాడీకి దేశమంతటా వర్తించే కోడ్ ఏఐఎస్-052 డ్రైవరు సీటు కొలతల గురించి, సర్దుబాట్ల గురించి మాట్లాడుతుంది. ఒప్పందంలో ఇంకో వాక్యం చేర్చడానికి ఏ చట్టమూ అడ్డం రాదు: డ్రైవరు సీటుకు గాలి ఆడే తొడుగు, పీల్చే ఫ్యాను, విప్పి కడగగల జాలీ ఉండాలి, పాడైతే డిపోలోనే మార్చాలి. ఎలక్ట్రిక్ బస్సులో ఆ పదుల వాట్లు బ్యాటరీకి లెక్కలోకి రావు. పాత పల్లెవెలుగు బస్సులకు ఆ ఫ్యాను దిండ్లనే ఒక వేసవి పాటు మంచిర్యాల, గోదావరిఖని, ఆదిలాబాద్, ఏదో ఒక డిపోలో పెట్టి చూడవచ్చు. డ్రైవర్లనే అడిగి, పనిచేయకపోతే తీసేయవచ్చు. ఇదంతా దసరా దాటగానే మొదలుపెట్టాలి. ఫైలు మార్చిలో కదిలితే సీట్లు వచ్చేసరికి మృగశిర కార్తె దాటిపోతుంది.